పాలు చూసుకోండి

మా రేడియో మూగబోయిన రోజు మా ఇంట్లో పాలు పొంగి పొయ్యంతా పాడైంది. మా ఒక్క ఇంట్లోనే కాదు. కర్దనూర్‌లో, ముత్తంగిలో, పాశమైలారం ఫ్యాక్టరీల వెనక ఇరుకు గదుల్లో ఉండే బిహారీ కుర్రాళ్ల స్టవ్‌ల మీద కూడా పొంగాయని తర్వాత తెలిసింది.

ఎందుకో చెప్పాలంటే ముందు రేడియో గురించి చెప్పాలి. కర్దనూర్‌లో బద్రీనాథ్‌గారి ధాన్యం దుకాణం పైన ఒక గది ఉంది. కింద మిర్చి బస్తాలు, కందిపప్పు బస్తాలు. పైన, బయటి చప్పుడు రాకుండా గోడలకి గుడ్ల అట్టలు అంటించిన స్టూడియో. చుట్టుపక్కల ఊళ్ల మహిళా సంఘాలు కలిసి పెట్టుకున్న చిన్న స్టేషన్ అది. ముత్తంగి రింగు రోడ్డు దాటితే వినిపించదు. బద్రీనాథ్‌గారి భార్య సావిత్రమ్మగారు దానికి అధ్యక్షురాలు. రవళి అనే అమ్మాయి దానికి మిగతా అన్నీ. మిర్చి దిగే రోజుల్లో పాటకీ పాటకీ మధ్య రవళి తుమ్ములు వినిపించేవి. శ్రోతలు వాటికీ అలవాటు పడ్డారు.

అందులో పొద్దున పూట కార్యక్రమం నా భార్య కనకమహాలక్ష్మిది. మాది తణుకు వైపు. మా నాన్నగారు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేరడంతో ఈ ప్రాంతం మాదైంది. నేను పటాన్‌చెరులో బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. ఇక్కడ ఇన్నేళ్లున్నా ఆవిడ మాట మాత్రం గోదావరి నీళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఆవిడ కార్యక్రమం పేరు 'గాలి ఎటు'. ఫ్యాక్టరీల మధ్య కాపురం ఉండేవాళ్లు పొద్దున లేవగానే తెలుసుకోవాల్సింది ఎండా వానా కాదు, గాలి ఏ వైపు నుంచి వస్తోందన్నది. దాన్ని బట్టే కిటికీలు తీయడం, బట్టలు ఆరేయడం, చంటిపిల్లని బయట కూర్చోబెట్టడం. ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఫోన్ చేసేవారు. "మా దిక్కు కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తున్నది కనకమ్మా." "మా తాన గోర్లరంగు వాసన." "ఆజ్ హవా ఠీక్ హై, దీదీ." కనకమహాలక్ష్మి అన్నీ విని, "ముత్తంగి వాళ్లు కిటికీలు వేసుకోండి, కర్దనూర్ వాళ్లు వడియాలు పెట్టుకోవచ్చు" అని చెప్పేది. ఏ ఫ్యాక్టరీ పేరూ ఎత్తేది కాదు.

ఒకరోజు కార్యక్రమం మధ్యలో మాట ఆపేసి, మైకులోనే, "అయ్యో! ఏవండీ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను, చూసుకోండి!" అంది. నేను పేపరు పడేసి వంటింట్లోకి పరుగెత్తాను. రేడియో వింటున్న వాళ్లంతా ఎవరి వంటింట్లోకి వాళ్లు పరుగెత్తారట. మర్నాడు స్టేషన్‌కి ఫోన్లు. "ఇయ్యాల పాల ముచ్చట చెప్పలేదేంది? మా పాలు పొంగినయ్!" రవళి ఆ ముక్కని రికార్డింగు నుంచి కత్తిరించి, రోజూ ఆరున్నరకి కార్యక్రమం చివర వేయడం మొదలుపెట్టింది. కనకమహాలక్ష్మి సిగ్గుపడి వద్దంది. ఎవరూ వినలేదు. ఊళ్లు ఆవిడకి పాలమ్మ అని పేరు పెట్టేశాయి.

పోయిన ఆషాఢంలో ఆవిడ పోయింది.

'గాలి ఎటు' రవళి అందుకుంది. పాల మాట తీసేయమంటారా అని నన్నడిగింది. ఉండనీయమ్మా అన్నాను. ఆ తర్వాత రోజూ పాలు పొయ్యి మీద పెట్టి రేడియో పెట్టేవాణ్ణి. పిలుపు వినగానే వెళ్లి దించేవాణ్ణి.

ఆ రోజు పిలుపు రాలేదు. గరగరమని శబ్దం తప్ప ఏమీ లేదు. స్టేషన్ మార్చానేమోనని ముల్లు అటూ ఇటూ తిప్పుతుండగానే వంటింట్లోంచి మాడిన వాసన వచ్చింది.

పొయ్యి తుడిచి కర్దనూర్ వెళ్లాను. సావిత్రమ్మగారు గల్లా పక్కన కుర్చీలో కూర్చుని పల్లీలు ఏరుతున్నారు. బద్రీనాథ్‌గారు ఎవరికో పప్పు తూస్తూ, నన్ను చూసి, నాకేం సంబంధం లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు.

"రాండ్రి సారూ, కూసోండ్రి. రేడియో బంద్ వెట్టినం" అన్నారు సావిత్రమ్మగారు.

"ఎందుకండీ?"

"ఢిల్లీకెళ్లి నోటీసొచ్చింది."

"ఏముంది అందులో?"

"ఇంగ్లీషుల ఉన్నది. పైన సింహాలున్నయ్. గంతే, ఇగ బంద్."

"చదవకుండానే ఆపేశారా?"

"చదివినంక ఆపితే ఏం లాభం సారూ? నోటీసంటే ముందుగాల బంద్ వెట్టాలె, తర్వాత చదవాలె. మా తమ్ముని ఫ్యాక్టరీల గట్లనే చేస్తరు."

మా ప్రాంతంలో అలవాటు అదే. ఏ ఫ్యాక్టరీకైనా నోటీసు వస్తే ముందు వాల్వులు కట్టేస్తారు, గేటుకి తాళం వేస్తారు, ఆ తర్వాత కళ్లద్దాలు వెతుక్కుంటారు. మెట్ల మీద దిగులుగా కూర్చున్న రవళి, "నేను చెప్పిన సార్, ఇనలే" అంది.

స్టేషన్లకి లైసెన్సులిచ్చే శాఖ నుంచి వచ్చిన ఆ ఉత్తరం తీసుకుని చదివాను. మా వంటి స్టేషన్లు సొంతంగా వార్తలు ప్రసారం చేయకూడదు, ఆకాశవాణి వార్తల్ని మాత్రం ఉన్నదున్నట్టు తిరిగి వినిపించవచ్చు, అది లైసెన్సు షరతు. 'గాలి ఎటు' అన్న కార్యక్రమం వార్తల కిందికి వస్తుందని ఒక ఫిర్యాదు అందింది, మీ వివరణ పంపండి. ఇంతే ఉంది. ఆపమని ఎక్కడా లేదు.

"ఆపమనలేదండీ. వివరణ అడిగారు, అంతే."

సావిత్రమ్మగారి చేతిలో పల్లీలు ఆగాయి. "జవాబు గూడ పంపిన గదా సారూ. మా తమ్ముడు విఘ్నేశ్వర్ రాసిండు. ఆళ్ల ఫ్యాక్టరీల గిసొంటి జవాబులు మస్తు రాసిండు, చెయ్యి తిరిగినోడు."

జవాబు నకలు చూపించారు. చెయ్యి తిరిగిన మాట నిజమే. 'తమరి ఆజ్ఞానుసారం మేము ఉత్పత్తిని పూర్తిగా నిలిపివేసి యంత్రాలకు తాళం వేసినామనియు, మా ఆవరణ నుండి ఎటువంటి వ్యర్థ జలములు బయటకు వదలుట లేదనియు సవినయంగా మనవి' అని ఉంది. ఫ్యాక్టరీ నమూనాలో పేరు మార్చారు, మిగతాది మార్చలేదు.

నేను నవ్వాను. ఆషాఢం తర్వాత నవ్వడం అదే మొదలనుకుంటాను. రవళి నా ముఖం వైపు ఒకసారి చూసి తనూ నవ్వింది.

"ఏమున్నదని నవ్వుతున్నరు? మనం నీళ్లు వదుల్తలేం గదా, నిజమే గదా!" అన్నారు సావిత్రమ్మగారు.

నవ్వినంత తేలిగ్గా అది తెమల్లేదు. స్టేషన్ మళ్లీ మొదలుపెట్టవచ్చా అని నేను ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. కొన్నాళ్లకి జవాబు వచ్చింది. స్టేషన్ ఆపమని తాము ఎలాంటి ఆజ్ఞా ఇవ్వలేదు, కాబట్టి తెరవమని ఆజ్ఞ ఇచ్చే ప్రశ్న తలెత్తదు. అయితే మూసేసినట్టు మీరే తెలియజేశారు కాబట్టి విషయం సంబంధిత విభాగానికి పంపడమైనది. ఎక్కువ కాలం ప్రసారం లేకపోతే మీకు కేటాయించిన తరంగాన్ని వెనక్కి తీసుకునే అవకాశం ఉందని గమనించగలరు.

"అయితే మళ్ల చాలూ చేద్దాం అత్తమ్మా. ఆపమనలే గదా" అంది రవళి. వరసకి అత్త కాదు, కాని సావిత్రమ్మగారిని ఆ వీధి పిల్లలంతా అలాగే పిలుస్తారు.

"యెట్ల చేస్తవే? బంద్ వెట్టినమని నా సంతకంతోని రాసిచ్చిన. ఇప్పుడు చాలూ చేస్తే అబద్ధమాడినట్టయితది. ఆళ్లొచ్చి చూస్తే? లైసెన్సు గుంజుకపోతే? నువ్విస్తవా?"

ఆవిడ భయం ఆవిడది. ఎవరూ ఆపలేదు కాబట్టి ఎవరూ మొదలుపెట్టమనరు. అక్కడ ఆగిపోయాం.

ఆ రోజుల్లోనే రవళి ఒకసారి మా ఇంటికి వచ్చింది. "సార్, మేడం మాట నా దగ్గర ఉన్నది. మీ ఫోన్ల ఏసిస్త. పొద్దుగాల అలారం లెక్క వెట్టుకోండ్రి."

వద్దమ్మా అన్నాను.

"ఎందుకు సార్?"

"ఫోన్లో అయితే నేను పెట్టుకున్నట్టు. రేడియోలో వస్తే ఆవిడ పిలిచినట్టు" అన్నాను. రవళి టీ తాగి వెళ్లింది. కాని ఆ మర్నాటి నుంచి రోజూ అన్ని పేపర్లూ తిరగేయడం మొదలుపెట్టిందని తర్వాత సావిత్రమ్మగారు చెప్పారు.

అలా తిరగేస్తుంటే ఒక ప్రకటన దొరికింది. దేశంలో ప్రసారాల నియంత్రణ ఎలా ఉంది, మీడియా విధానం ఎలా ఉండాలి అన్న విషయం పార్లమెంటు స్థాయీ సంఘం ఒకటి పరిశీలిస్తోంది. ఎవరైనా అభిప్రాయాలు పంపవచ్చు. రవళి ఆ ముక్క చించుకుని పరుగున వచ్చింది.

"గీళ్లు ఎవరు సార్? ఢిల్లీ ఆఫీసోళ్ల కంటే పెద్దోళ్లా?"

"పెద్దా చిన్నా కాదమ్మా. ఆఫీసు వాళ్లు పని చేస్తారు. చేసిన పని ఎలా ఉందో వీళ్లు పిలిచి అడుగుతారు. మా బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చేది చూడు, అలాంటిది. ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం చెప్పడు. కాని ఆయన వస్తున్నాడంటే పాఠం చెప్పేవాడు సుద్దముక్క వెతుక్కుంటాడు."

"అయితే రాద్దాం సార్."

రెండు పేజీలు రాశాను. ఊరి పేరు, స్టేషన్ సంగతి, 'గాలి ఎటు' సంగతి, ఉత్తరాల సంగతి. విశేషణాలు రాకుండా జాగ్రత్త పడ్డాను. పాల సంగతి రాయలేదు. అది విధానానికి సంబంధించిన విషయం కాదనుకున్నాను.

పిలుస్తారని అనుకోలేదు. పిలిచారు. సంఘం హైదరాబాదు వస్తోంది, ఒక హోటల్లో సమావేశం, మీ ప్రతినిధులు ముగ్గురు రావచ్చు అని.

యాదన్న తన టాటా మ్యాజిక్‌లో తీసుకెళ్తానన్నాడు. పాశమైలారం షిఫ్టులకి కూలీలను దింపే బండి అది. ఇంటి నుంచి కదిలాక ఆ బండిలో కూడా మా రేడియోనే మోగేది. సావిత్రమ్మగారు పెళ్లికి కట్టుకునే పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. ఒళ్లో సకినాల డబ్బా.

"అది ఎందుకండీ?" అన్నాను.

"పార్లమెంటోళ్లు మన దిక్కొస్తున్నరు. ఒట్టి చేతులతోని పోతమా?"

"లోపలికి తీసుకెళ్లనివ్వరేమో."

"ఇయ్యకపోతే మనమే తిందం. అంత పరేషాన్ ఎందుకు?"

ముత్తంగి దగ్గర రింగు రోడ్డు ఎక్కాం. యాదన్న అద్దంలోంచి నన్ను చూస్తూ, "సారూ, ఒక్క మాట. రేడియో బంద్ అయినకాడికెళ్లి మా ఇంటామె నన్ను తిడుతున్నది. పాలమ్మ 'ఏవండీ' అనంగనే మా ఇంట్ల నేనే ఉరుకుతుంటి. ఇప్పుడు ఎవరు పిల్వకపాయె, నేను లేవకపాయె" అన్నాడు.

"ఆమె పిలిచింది సారును. నువ్వెందుకు ఉరికినవ్?" అంది రవళి.

"పిలుపు ఎవరిదైతేంది చెల్లె, పాలు నాయే గదా!"

హోటల్లో చలి. పొడవాటి బల్లకి ఒకవైపు సభ్యులు, ఎదురుగా మాలాంటి వాళ్లు, పక్కన ఢిల్లీ అధికారులు ఫైళ్లతో. సంఘం అధ్యక్షురాలు ఉత్తరాదికి చెందిన పెద్దావిడ. నెరిసిన జుట్టు, తెల్ల చీర, పెన్నుతో బల్ల మీద నెమ్మదిగా తట్టే అలవాటు. మా సకినాలు బయట సెక్యూరిటీ వాళ్ల దగ్గర ఆగిపోయాయి.

ముందు పెద్ద టీవీ చానళ్ల తరఫున కోటు వేసుకున్న ఒకాయన మాట్లాడారు. మమ్మల్ని మేమే నియంత్రించుకుంటాం, తప్పు చేస్తే మాలో మేమే సరిదిద్దుకుంటాం, మధ్యలో ప్రభుత్వం అక్కర్లేదన్నారు. ఆయన వాదనలో కొంత న్యాయం ఉంది. కాని నా బడిలో కూడా పిల్లలు ఎవరి పేపరు వాళ్లే దిద్దుకున్న రోజున మార్కులు బాగా వచ్చేవి.

భోజనాలయ్యాక మా వంతు. బిర్యానీ తిన్న సభ్యుల కళ్లు మూతలు పడుతున్నాయి. నేను లేచి రాసుకున్నది చదివాను. కళ్లద్దాల సభ్యుడొకాయన మాత్రం శ్రద్ధగా విన్నారు. ఆయనే మొదట ప్రశ్న వేశారు.

"మాస్టారూ, మీరు మంచివాళ్లే. ఒప్పుకుంటాను. రేపు ఇంకో స్టేషన్‌లో ఎవరో గిట్టనివాడు, ఫలానా చోట గ్యాస్ వదిలారని అబద్ధం చెబితే? జనం పరుగులు పెట్టి తొక్కిసలాటలో పడితే? దానికి జవాబుదారీ ఎవరు?"

మంచి ప్రశ్న. నేను రాసుకున్న కాగితంలో దానికి జవాబు లేదు. "ఆ భయం మాకూ ఉందండి. అందుకే మేం పేర్లు చెప్పం. వాసన ఎలా ఉంది, గాలి ఎటు వీస్తోంది, ఇంతవరకే. ఒకే మాట కనీసం ఇద్దరు చెబితేనే చెబుతాం. అంతకంటే గట్టి పద్ధతి ఉంటే నియమంగా పెట్టండి, పాటిస్తాం. ఇప్పుడున్న నియమంలో చెప్పకూడదన్నది ఉంది కాని, ఎలా చెప్పాలన్నది లేదు" అన్నాను.

"పేరు చెప్పకపోయినా వాసన ఎవరిదో ఊళ్లో వాళ్లకి తెలియదా?"

"వాసన మీద పేరు రాసి ఉండదు సారూ" అన్నారు పక్కనుంచి సావిత్రమ్మగారు. తెలుగు తెలిసిన సభ్యులు నవ్వారు. అది విని మిగతా వాళ్లకి మెలకువ వచ్చింది.

అధ్యక్షురాలు అధికారి వైపు తిరిగారు. "వీళ్ల స్టేషన్‌ని ఎందుకు ఆపారు?"

ఆయన లేచి ఫైలు తెరిచారు. "మేం ఆపలేదు మేడం. వివరణ మాత్రమే అడిగాం. మూసేశామని వాళ్లే రాశారు." ఆయన ఆ కాగితం పైకి తీసి, ముఖం మామూలుగా ఉంచడానికి కష్టపడుతూ, దాని తాత్పర్యం హిందీలో చెప్పారు. ఉత్పత్తి పూర్తిగా నిలిపేశారట. యంత్రాలకి తాళం వేశారట. వ్యర్థ జలాలు బయటికి వదలడం లేదట.

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. కోటు ఆయన కూడా నవ్వారు. అధ్యక్షురాలు పెన్ను పక్కన పెట్టి, "రేడియో నుంచి నీళ్లు?" అన్నారు.

సావిత్రమ్మగారు లేచి నిలబడ్డారు. దుకాణంలో బిహారీ కుర్రాళ్లకి ఉప్పూపప్పూ అమ్మే హిందీలో చెప్పారు. నోటీసు వచ్చింది, భయమేసింది, మా దగ్గర నోటీసు వస్తే ముందు బంద్ చేస్తాం, ఎవరూ చెప్పలేదు, నేనే ఆపాను, తప్పు నాదే, ఈ పిల్లది కాదు, ఈ సారుది కాదు. ఒక్క గుక్కలో చెప్పి కూర్చున్నారు.

ఆవిడ ముఖంలో భయం ఉంది. అయినా లేచారు. నవ్వులు వాటంతట అవే సద్దుమణిగాయి.

అధ్యక్షురాలు నా వైపు చూశారు. "మాస్టర్‌జీ, ఒకటి చెప్పండి. స్టేషన్ ఆగిపోయాక మీ ఊళ్లలో ఏం తేడా వచ్చింది? గాలి సంగతి కాకుండా."

అప్పుడు నేను అనుకోని మాట అన్నాను. "పాలు పొంగిపోతున్నాయండి."

మళ్లీ నవ్వారు. ఈసారి వివరం అడిగారు. రవళి తన ఫోన్ తీసి, నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆ చల్లటి గదిలో ఆ గొంతు వినిపించింది.

"అయ్యో! ఏవండీ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను, చూసుకోండి!"

తెలుగు సభ్యుడొకాయన అధ్యక్షురాలికి అర్థం చెప్పారు. ఆవిడకి సరదా వేసింది. "రోజూ ఇలా పిలుస్తుందా? ఎవరిని పిలుస్తోంది?"

"నన్నేనండి" అన్నాను.

ఆవిడ ఇంకేదో అడగబోయి, నా పక్కన తల దించుకున్న రవళిని చూసి ఆగారు. గ్లాసులో నీళ్లు తాగారు. ఆ తర్వాత గొంతు మార్చకుండానే అధికారిని అడిగారు.

"ఈ రోజున ఈ స్టేషన్‌ని ఆపే ఆజ్ఞ ఏదైనా అమల్లో ఉందా? ఉందా, లేదా?"

ఆయన పేజీలు తిప్పారు. వెనక కూర్చున్న చిన్న అధికారి చెవిలో ఏదో చెప్పాడు. "లేదు మేడం."

"రాసుకోండి" అన్నారావిడ, మూల కూర్చుని నోట్స్ తీసుకుంటున్న వాళ్లతో. తర్వాత మాతో నిదానంగా చెప్పారు. "ఈ సంఘం మీకు ఆజ్ఞ ఇవ్వలేదు. మా పని అడగడం, జవాబు రాయించడం, సభకి సిఫార్సు చేయడం. అంతకు మించి అధికారం మాకు లేదు. కాని అడిగాం, జవాబు రాసుకున్నాం."

"మరి 'గాలి ఎటు' సంగతి?" అంది రవళి.

అధికారి మళ్లీ లేచారు. ఆ ఒక్క కార్యక్రమం వార్తల కిందికి వస్తుందా రాదా అన్నది పరిశీలనలో ఉంది, దేశమంతటికీ వర్తించే విషయం, తొందరపడి చెప్పలేం అన్నారు.

"పరిశీలన అంటే బంద్ కాదు గదా?" అన్నారు సావిత్రమ్మగారు. నోటీసుల సంగతి ఆవిడకి ఆ రోజుతో బోధపడింది.

"బంద్ అని మేం అనడం లేదు. నడపమని కూడా అనలేను" అన్నారాయన. పాపం, నిజాయితీగానే అన్నారు.

సిఫార్సుల్లో ఆ ప్రశ్న తప్పకుండా చేరుస్తామని అధ్యక్షురాలు చెప్పారు. లేవబోతుంటే సావిత్రమ్మగారు ఉండబట్టలేక, "తో చాలూ కర్నా, అమ్మా?" అని అడిగేశారు.

ఆవిడ నవ్వారు. "ఆపింది మీరే కదా. మీరే చూసుకోండి."

బయట యాదన్న, సెక్యూరిటీ వాళ్లు కలిసి సకినాలు తింటున్నారు. డబ్బా సగం ఖాళీ.

"గిదేంది యాదీ! పార్లమెంటోళ్ల కోసం తెచ్చిన!"

"ఆళ్లకు బిర్యానీ ఉన్నది గదా పెద్దమ్మా. గీళ్లకు పొద్దుటి నుంచి ఏం లేదు." చేతులు దులుపుకుని నా దగ్గరికి వచ్చాడు. "సారూ, ఏమైంది? పాలమ్మ వస్తదా?"

"వస్తుంది" అన్నాను.

వెనక్కి వచ్చేటప్పుడు రవళి, సావిత్రమ్మగారు దారంతా వాదించుకున్నారు. 'గాలి ఎటు' కూడా వేద్దామని రవళి. ఒక్కదాని కోసం స్టేషన్ మొత్తం పణం పెట్టొద్దని సావిత్రమ్మగారు. చివరికి నన్ను తీర్పు చెప్పమన్నారు. నాకు రవళి మాటే సరైనదనిపించింది. కాని నేను కోరుకుంటున్నది ఆరున్నర పిలుపు. అది చేతికి అందేలా ఉంది. ఆ స్వార్థం నా తీర్పులో కలవకుండా ఉండదు. అందుకని, "స్టేషన్ మీది, నిర్ణయం మీ మహిళా సంఘంలో తీసుకోండి" అన్నాను. ఆ సాయంత్రమే సంఘంలో ఆడవాళ్లంతా కూర్చున్నారు. స్టేషన్ మర్నాడే మొదలుపెట్టాలని, ఢిల్లీ నుంచి మాట వచ్చేదాకా 'గాలి ఎటు' బదులు పాటలు వేయాలని తేల్చారు. రవళి ఒప్పుకుంది కాని తీర్మానం కింద తన పేరు రాయనివ్వలేదు.

మర్నాడు పొద్దున గిన్నెలో పాలు పోసి పొయ్యి వెలిగించాను. రేడియో పెట్టాను. గరగర లేదు. రవళి నమస్కారం చెప్పింది, తుమ్మింది, మళ్లీ నమస్కారం చెప్పింది. కింద మిర్చి దిగినట్టుంది. రెండు పాటలు వేసింది. రెండో పాట అయ్యేసరికి ఆరున్నర.

"అయ్యో! ఏవండీ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను, చూసుకోండి!"

నేను రేడియో ముందు నిలబడి విన్నాను. ఇన్నాళ్లకి విన్నాను కదా, అక్కడే ఇంకాసేపు ఉండిపోయాను. వంటింట్లో పాలు పొంగాయి.

గిన్నె దించి పొయ్యి తుడుస్తుంటే ఫోన్ మోగింది. యాదన్న.

"సారూ, ఇన్నరా? నేను ఉరికిన! మా ఇంట్ల ఒక్క సుక్క పోలే! మీ ఇంట్ల?"

"మా ఇంట్లో పొంగాయి యాదన్నా."

"పిలిచింది మిమ్మల్నాయె, ఉరికింది నేనాయె!" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ పూట కిటికీ తీయాలో వేయాలో తెలియలేదు. గుమ్మంలో నిలబడి నేనే గాలి పీల్చి చూశాను. ఏదో మందు కాచే వాసన సన్నగా ఉంది. అది ఎటు నుంచి వస్తోందో, కర్దనూర్ వాళ్లు బట్టలు ఆరేసుకోవచ్చో లేదో చెప్పేవాళ్లు లేరు. ఆవిడ గొంతు తిరిగి వచ్చింది. ఆవిడ పని రాలేదు. ఆ ముందు రోజు నన్ను తీర్పు అడిగినప్పుడు ఈ మాట తట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నెలకొకసారి నేనూ రవళీ కలిసి ఢిల్లీకి ఉత్తరం రాస్తున్నాం. మొదట రవళితో బాగా చదివించుకుని, తర్వాతే సంతకం పెడుతున్నారు సావిత్రమ్మగారు. పార్లమెంటు సంఘం నివేదిక ఇంకా సభ ముందుకు రాలేదు. గాలి ఎటు వీస్తోందో చెప్పడం వార్త అవుతుందా కాదా అన్న ప్రశ్నకి జవాబు రాలేదు. కనకమహాలక్ష్మి మొదలుపెట్టిన కార్యక్రమం ఇంకా ప్రసారం కావడం లేదు.